గోడ మీద నవ్వే మనిషి

ఫిబ్రవరి 3

అక్కా,

ఇది ఫోను చేసి చెప్పాల్సిన కబురే. కానీ పోయినసారి ఫోనులో నేను "పళ్ళు కట్టించుకున్నాను" అంటే, నువ్వు "ఇల్లు కట్టించుకుని ఒక్క మాటైనా చెప్పలేదేంరా" అని వారం పాటు అలిగావు. నీ చెవులకీ నా గొంతుకీ పడదు. కాగితమే నయం.

మన పోస్టాఫీసు ఎదురుగా పార్కు ఉంది కదా, దాని వెనకాల పొడుగాటి గోడ కట్టారు. మన ఊరి నుంచి యుద్ధాలకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళందరి బొమ్మలూ ఆ గోడ మీద రాతిలో చెక్కిస్తున్నారు. ఇన్నాళ్ళూ ఉన్నది ఒక స్తంభం, దాని మీద వానకి తడిసి ఎండకి ఎండి చదవడానికి రాని పేర్లు. ఇకమీదట మొహాలుంటాయి. ఎవరైనా అటుగా నడిచి వెళ్తుంటే వాళ్ళు మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది.

కమిటీలో నేనూ ఉన్నాను. మాజీ సైనికుణ్ణి, పైగా ఈ ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పినవాణ్ణి. నన్ను కాదంటే రేపు వాళ్ళ పిల్లలకి లైసెన్సులు ఎలా వస్తాయి? అధ్యక్షుడు మన హెడ్మాస్టరుగారు. ఆయన రిటైరై చాలా కాలమైందిగానీ ఎర్ర సిరా కలం మాత్రం రిటైరవలేదు. మీటింగు ఎప్పుడని నేను చీటీ రాసి పంపితే తప్పులు దిద్ది తిప్పి పంపాడు. మీటింగు ఎప్పుడో మాత్రం చెప్పలేదు.

అసలు విషయం. బావ ఫోటో కావాలి. నీ దగ్గర ఏదుంటే అది పంపు. చెక్కేది ఒక అమ్మాయి, కుర్రదేగానీ చెయ్యి తిరిగినది. ఏప్రిల్లో ఆవిష్కరణ. నువ్వు రావాలి. మేనకోడల్ని కూడా తీసుకురా.

మీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది. అడిగింది.

నీ
చంటి

ఫిబ్రవరి 12

ఒరేయ్ చంటీ,

మనవలున్న మనిషివి, ఇంకా చంటి అని సంతకం పెట్టడానికి సిగ్గు లేదట్రా? అయినా వేరే పేరుతో వస్తే ఎవరి ఉత్తరమో అనుకుని చింపకుండా పక్కన పెట్టేదాన్నేమో.

నీ ఉత్తరం వచ్చినప్పుడు కొట్లో ఒక పెళ్ళికూతురి తల్లి నా బుర్ర తింటోంది. పిల్ల ఒళ్ళు చేస్తోంది, జాకెట్టు మాత్రం పాత కొలతకే కుట్టమంటుంది. "గుడ్డ సాగదమ్మా, మీ నమ్మకం సాగుతుంది" అన్నాను. కోపం వచ్చిందిగానీ కొత్త కొలతలిచ్చి వెళ్ళింది. ఆ తర్వాత మిషను పక్కనే కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఫోటో పంపుతున్నాను. జాగ్రత్త. యూనిఫారంలో బిగుసుకుని నిలబడ్డ ఫోటో కూడా ఉంది. అందులో మీ బావ ఎవరో తిట్టినట్టు ఉంటాడు, అది పంపను. ఇది నువ్వే తీశావు, గుర్తుందా? సైన్యం వంటశాల ముందు, నడుముకి గుడ్డ కట్టుకుని, చేతిలో ఆ పెద్ద గరిటె పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నది. బొమ్మ ఇలాగే చెక్కించు. గరిటెతో సహా. కింద "వంటవాడు" అని రాయించు.

నువ్వే కదరా నీ స్నేహితుడని సెలవులకి ఇంటికి తెచ్చింది. వచ్చిన రోజే "ఇవాళ వంట నాది" అని వంటింట్లో దూరాడు. నాన్న ఒక ముద్ద తిని, గ్లాసుడు నీళ్ళు తాగి, "బాబూ, నువ్వు శత్రువులకి కూడా వండుతావా? యుద్ధం త్వరగా తేలుతుంది" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మీ బావే. నేను పడిపోయింది ఆ నవ్వుకే, వంటకి మాత్రం కాదు.

ఆవిష్కరణకి నేను రాను. బలవంతం చెయ్యకు. ఆయన పోయిన మరుసటి ఏడు ఆ స్తంభం దగ్గర సభ పెట్టారు. ఎవరో బ్యాడ్జీ పెట్టుకున్నాయన వచ్చి "ముందు వరస పోరాడినవాళ్ళ కుటుంబాలకమ్మా" అని, చంకలో పిల్లతో ఉన్న నన్ను లేపి వెనక్కి పంపాడు. కొండ మీద ఆయన మీద పడ్డ గుండు, ఇతను వంటవాడా పోరాడేవాడా అని అడిగి పడలేదు కదా! అప్పుడే అనుకున్నాను, ఇక ఆ సభలకి వెళ్ళకూడదని.

బొమ్మ మాత్రం బాగా చేయించు. నీ మీద భారం వేశాను.

నీ అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

ఫోటో భద్రంగా చేరింది. కమిటీ మీటింగులో బల్ల మీద పెట్టాను. చూసి అందరూ ఒకటే నవ్వు! హెడ్మాస్టరుగారైతే కళ్ళజోడు జారి టీ కప్పులో పడేదాకా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం ఇదే మొదలు. చిన్నప్పుడు నా లెక్కల కాగితం చూసి కూడా నవ్వలేదు, ఏడ్చాడు.

చెక్కే అమ్మాయి ఫోటో పట్టుకుపోయి మట్టితో నమూనా మొదలెట్టింది. గరిటె సంగతి, కింద రాత సంగతి కమిటీలో తేలాలి. చూద్దాం. దాని గురించి నువ్వు మనసు పాడుచేసుకోకు.

నా సంగతి చెప్పాలంటే, ఒక కొత్త విద్యార్థిని చేరింది. బ్యాంకులో పని. ఎడమకి తిప్పమంటే "ఏ ఎడమ?" అంటుంది. నిన్న కూరగాయల బండిని తప్పించబోయి బస్‌స్టాపులోకి ఎక్కించింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలుపు తెరుస్తానేమోనని ఎదురుచూశారు. ఒకావిడ ఎక్కేసింది కూడా. దించడానికి మనసొప్పక ఇంటి దగ్గర దింపి వచ్చాను.

రానని అంత గట్టిగా అనకు. అప్పటి మనుషులు ఇప్పుడు లేరు. ఇప్పుడున్నవాళ్ళం మేమే.

చంటి

మార్చి 2

చంటీ,

నవ్వారా? కళ్ళజోడు జారి కప్పులో పడేదాకా నవ్వారా?

నేను ఫోటో పంపింది మీరంతా చుట్టూ చేరి నవ్వుకోవడానికి కాదు. సైన్యంలోకి వెళ్ళి గరిటె పట్టుకున్నాడని, మిగతావాళ్ళ పక్కన వీడేంటని, అంతేగా వాళ్ళ నవ్వు? నాకు తెలియని నవ్వు కాదది. నన్ను వెనక వరసకి పంపినాయన కూడా పంపేముందు చిన్నగా నవ్వాడు.

"చూద్దాం" అని రాశావు. నీ "చూద్దాం" సంగతి నాకు తెలుసు. నాన్న సైకిలు ఇరగ్గొట్టినప్పుడూ "చూద్దాం" అనే అన్నావు.

అందరూ నవ్వుతుంటే నువ్వేం చేశావో ఎక్కడా రాయలేదు. నువ్వూ నవ్వావా?

నా ఫోటో నాకు తిరిగి పంపించు. బొమ్మ అక్కర్లేదు. మరదలి మీద నాకేం కోపం లేదని చెప్పు.

అక్క

మార్చి 9

అక్కా,

అడిగావు కాబట్టి ఫోటో పంపుతున్నాను. రిజిస్టరు చేశాను, సంతకం పెట్టి తీసుకో. అంచులు నలగకుండా అటూ ఇటూ అట్టముక్కలు పెట్టాను.

అవును, నేనూ నవ్వాను. బావ నవ్వుతున్న ఫోటో చూసి నవ్వకుండా ఉండటం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నేను ఇప్పుడు కమిటీలో లేను. ఎందుకని అడగకు.

ఇట్లు,
నీ తమ్ముడు

మార్చి 18

తమ్ముడికి,

ఫోటో చేరింది. అట్టముక్కలు కూడా.

అడగొద్దన్నావు కాబట్టి అడగను. నాకు నేనే అర్థం చేసుకున్నాను. ఊళ్ళో పెద్దమనుషుల మధ్య కూర్చుని, ఫలానా వంటవాడు మా బావే అని చెప్పుకోవడం నీకు కష్టమైంది. వాళ్ళతో తగువెందుకని తప్పుకున్నావు. పోనీలే. అందరిలో బతకాల్సినవాడివి. నేనైతే ఇక్కడ, నా మిషను ముందు, ఎవరి దయా లేకుండా ఉన్నాను.

నిన్న మీ మేనకోడలు "మామయ్య మీద ఎందుకంత కోపం?" అని అడిగింది. కోపం లేదన్నాను. "మరి చొక్కా చేతులు రెండూ ఒకవైపే కుట్టావేంటి?" అంది. చూస్తే నిజమే. ఇంతసేపూ విప్పుతూ కూర్చున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త.

వంటవాడి భార్య

ఏప్రిల్ 2

అక్కా,

నేను చెప్తుంటే మీ మరదలు రాస్తోంది. కంగారు పడకు. కొంచెం జారిపడ్డాను. చిన్న దెబ్బ.

(వదినగారూ, నమస్కారం. చిన్న దెబ్బ కాదు. కుడి మణికట్టు, ఎడమ కాలు విరిగాయి. పట్నం పెద్దాసుపత్రిలో ఉన్నాం. కాలికి ఆపరేషను బాగానే జరిగింది. ప్రాణానికేం భయం లేదు. నోటికి అసలే లేదు.)

ఇక్కడ నర్సు మంచి మనిషి. మంచం మీద పడుకునే ఆమెకి రోడ్డు గుర్తులన్నీ నేర్పాను. పధ్నాలుగో తేదీ ఆవిష్కరణకల్లా నేను లేవలేనని డాక్టరు అంటున్నాడు. కమిటీలో లేకపోయినా ఊరి తరఫున నన్నే మాట్లాడమన్నారు, అది ఇక లేదు.

(ఎలా పడ్డారో చెప్పరు, నేను రాస్తాను. పార్కు గోడ దగ్గర నిచ్చెన ఎక్కి పడ్డారు. అన్నయ్యగారి బొమ్మ చెక్కే చోటు పక్కన గరిటె పట్టేంత జాగా ఉందో లేదో టేపు పెట్టి కొలుస్తున్నారు. కమిటీలో లేని మనిషికి నిచ్చెన ఎక్కే పనేంటని అడిగితే నా మీద ఎగిరారు.)

ఇదంతా రాయకు.

(రాస్తాను. మీరు అడగొద్దన్నారని వదినగారు అడగలేదు. ఆవిడ ఏమనుకుంటున్నారో ఆ ఉత్తరంలో నేనూ చదివాను. వదినగారూ, ఫోటో చూసి వాళ్ళు నవ్వింది ఎగతాళికి కాదు. వచ్చిన ఫోటోలన్నీ గుర్తింపు కార్డుల్లో ఉన్నట్టు బిగుసుకున్న మొహాలట. వాటి మధ్య ఇది పడేసరికి గదిలోకి మనిషి నడిచొచ్చినట్టయిందట. హెడ్మాస్టరుగారు నవ్వి, కళ్ళజోడుతోపాటు కళ్ళూ తుడుచుకున్నారట. కానీ తర్వాత వోటింగు పెడితే, అందరి బొమ్మలూ ఒకే తీరుగా ఉండాలి, చేతుల్లో ఏమీ ఉండకూడదు అని తేలింది. ఈయన లేచి, "మిగతావాళ్ళ తుపాకులు తీసేస్తే తీసేయండి. మా బావ చేతిలో గరిటె లేకపోతే ఆ చెయ్యి ఎవరిదో ఆయనకే తెలియదు" అని, రాజీనామా అని కాగితం మీద రాసి హెడ్మాస్టరుగారి ముందు పడేసి వచ్చేశారు. ఆయన ఆ కాగితంలో కూడా ఒక ఒత్తు దిద్ది, అంగీకరించడం లేదని తిప్పి పంపారు. ఈయన మళ్ళీ వెళ్ళలేదు.)

అక్కా, ఇన్నేళ్ళుగా నేను ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ముందు చెప్పుకునేది బావ గురించే. నువ్వు అలా రాసేసరికి ఏం చెప్పాలో తోచలేదు. అంతే.

చంటి
(వేలిముద్ర వేయమన్నాను, వేయలేదు.)

ఏప్రిల్ 8

ఒరేయ్ చంటిగాడా,

నీ ఉత్తరం కొట్లో చదివి ఏడుస్తుంటే, కొలతలివ్వడానికి వచ్చినావిడ భయపడి పోలీసుల్ని పిలవనా అంది. నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చేసరికి ఆవిడ ఇంకా భయపడి వెళ్ళిపోయింది. గిరాకీ పోయింది, అది నీ ఖాతాలో.

నేను రాసింది చింపెయ్. నీ గురించి అలా అనుకున్నానంటే నా చెవులే కాదు, బుద్ధి కూడా మందగించింది. ఈ వయసులో నిచ్చెనేంట్రా? గరిటె కొలవడానికి కింద నుంచి కన్ను చాలదూ?

నేను వెళ్తున్నాను. నీ బదులు నేను మాట్లాడతానని హెడ్మాస్టరుగారికి కార్డు రాశాను. తప్పులు దిద్దితే దిద్దుకోనీ. మీ ఇంటి తాళం పక్కింట్లో ఉంటుంది కదా, అక్కడే దిగుతాను. అమ్మాయికి సెలవు దొరకలేదు, ఒక్కదాన్నే వస్తున్నాను. ముందు ఆసుపత్రికి వద్దామంటే రైలు అటు పోదు. సభ అయ్యాక వస్తాను.

మరదలా, వాడు ఏం రాయొద్దంటే అది తప్పకుండా రాస్తూ ఉండు.

అక్క

ఏప్రిల్ 15

చంటీ,

మీ ఇంట్లో, కిటికీ దగ్గర నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: అంతా బాగా జరిగింది. ఇక తీరిగ్గా చదువు.

నిన్న పొద్దున్నే పార్కుకి వెళ్ళాను. హెడ్మాస్టరుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, "మీ కుర్చీ ముందు వేయించానమ్మా" అన్నాడు. వరసలు లేవు, గోడ చుట్టూ అర్ధచంద్రంలా వేశారు. ఎక్కడ కూర్చున్నా ముందే. ఎవరి ఆలోచన అని అడిగితే "మీ తమ్ముడిది. రాజీనామా చేసే ముందు ఒప్పించాడు" అన్నాడు. ఇది కూడా నాకు రాయలేదేంరా?

గుడ్డ తీశారు. ఎండ సూటిగా గోడ మీద పడుతోంది. అందరివీ మొహాలు, భుజాల దాకా. చేతులు లేవు, టోపీలు లేవు, గుర్తులు లేవు. కింద పేరు, అంతే. అందరూ గంభీరంగా ఉన్నారు. రెండో వరసలో మీ బావ ఒక్కడూ నవ్వుతున్నాడు! పళ్ళన్నీ కనిపించేలా. చెక్కిన అమ్మాయి నా పక్కకి వచ్చి, "కమిటీవాళ్ళు చేతులు వద్దన్నారమ్మా. నవ్వు తీసేయమని ఎవరూ అనలేదు. నేనూ గుర్తు చేయలేదు" అంది. ఆ పిల్లని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకున్నాను. నా కొంగుకంతా రాతిపొడి అంటింది.

ఇక అసలు కథ. నా పక్క కుర్చీలో చేతికర్రతో ఒక పెద్దాయన. మన ఊరివాడు కాదు. ఆయన స్నేహితుడు ఒకడి బొమ్మ ఉందని పొరుగూరు నుంచి వచ్చాడట. గోడ వంక కళ్ళార్పకుండా చూస్తూ "మామ" అన్నాడు. నేను మర్యాదకి "మీ మామగారి బొమ్మ కూడా ఉందా అండీ? ఏది?" అని అడిగాను. కర్ర ఎత్తి సూటిగా మీ బావని చూపించాడు. నాకు ఒళ్ళు మండింది. "ఆయన మీ మామ ఎలా అవుతాడు? మా ఆయన!" అన్నాను. ఆయన ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఈలోగా పేర్లు చదవడం మొదలైంది.

ఒక్కో పేరూ చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడాలి. మీ బావ పేరు చదివారు, లేచాను. ఇంకో నాలుగైదు పేర్ల తర్వాత ఒక పేరు చదివితే ఎవరూ లేవలేదు. హెడ్మాస్టరుగారు మళ్ళీ చదివాడు. ఎవరూ లేరు, ఆ ఇల్లే లేదట ఇప్పుడు. అప్పుడు నా పక్కనున్న పెద్దాయన కర్ర మీద బరువు వేసి లేచాడు. పాత సైనికులందరూ లేచారు. నేనూ లేచాను. చివరికి బెలూన్లు అమ్ముకునేవాడితో సహా పార్కంతా లేచి నిలబడింది. నీకు చూపించాలనిపించింది చంటీ.

తర్వాత నన్ను పిలిచారు. రాసుకున్న కాగితం సంచీలో ఎక్కడుందో దొరకలేదు. నోటికొచ్చింది చెప్పాను. "మా ఆయన వంటవాడు. గొప్పగా వండేవాడు కాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఈసారి నాకు కోపం రాలేదు. ఇంకా ఇలా చెప్పాను: "ఆ రోజు గుండ్లు పడుతున్నా కింది చౌకీలో కాపలా ఉన్నవాళ్ళకి భోజనం మోసుకెళ్ళి పెట్టాడట. పై చౌకీ వాళ్ళు తినలేదని మళ్ళీ బయల్దేరాడు. దారిలో పోయాడు. నాకు ఒక్కటే బాధ. ఆ పై చౌకీలో వాళ్ళు ఆకలితో ఉండిపోయారు కదా, ఆయన ప్రాణం ఎంత కొట్టుకుని ఉంటుందో అని."

"లేదమ్మా!" అని పెద్ద కేక. ఇది మాత్రం వినపడింది. కర్ర పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మేం తిన్నాం" అన్నాడు.

ఆయన నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఆ పై చౌకీలో వైర్‌లెస్ పని చూసేవాడట. ముందు రోజు నుంచీ వాళ్ళకి తిండి లేదు. ఎవరూ రాలేరనుకున్నారట. మీ బావ రెండు చేతుల్లో రెండు క్యానులు పట్టుకుని, బురదలో పొట్ట మీద పాక్కుంటూ వచ్చాడట. ఒకదాంట్లో సూపు, ఒకదాంట్లో రొట్టెలు. అందరూ తినేదాకా కూర్చుని, ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా "ఇంకొంచెం?" అని అడిగి వేశాడట. వెళ్ళేటప్పుడు వద్దని ఆపారట. "రాత్రి వంట ఎవడు చేస్తాడురా?" అని నవ్వుతూ దిగాడట. గుండు పడింది ఆ తిరుగు దారిలో.

"అయితే పోయినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి ఖాళీ క్యానులేనా?" అని అడిగాను.

"ఖాళీవే అమ్మా. అడుగు కూడా గీకేశాం."

మర్నాడే వాళ్ళని వేరే చోటికి మార్చారట. ఈయన గాయపడి ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. చౌకీలో అందరూ మీ బావని "మామ" అనే పిలిచేవాళ్ళట, అసలు పేరు ఎవరికీ తెలియదు. వెతకాలన్నా ఏ పేరని వెతుకుతారు? నిన్న గోడ మీద ఆ నవ్వు చూసి పోల్చుకున్నాడు.

ఆయనే నా చెయ్యి పట్టుకుని, మైకు ముందు, "ఒక్కటే అమ్మా. ఉప్పు మాత్రం బాగా ఎక్కువైంది" అన్నాడు. పార్కంతా ఘొల్లున నవ్వింది. హెడ్మాస్టరుగారి కళ్ళజోడు మళ్ళీ జారింది. నేను ఎంత నవ్వానో, ఎంత ఏడ్చానో, ఎవరు నీళ్ళిచ్చారో కూడా తెలియదు.

ఎల్లుండి ఆసుపత్రికి వస్తున్నాను. ఈలోగా ఈ ఉత్తరం మరదలు నీకు చదివి వినిపించాలి. మధ్యలో ఆగి నువ్వు వ్యాఖ్యానాలు చేయకూడదు.

అక్క

ఏప్రిల్ 27

అక్కా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. హెడ్మాస్టరుగారు చూస్తే ఎర్ర సిరా సీసా మొత్తం ఖాళీ అవుతుంది.

నువ్వు వచ్చి వెళ్ళాక, మొన్న ఆ వైర్‌లెస్ ఆయన నన్ను చూడటానికి వచ్చాడు. కొడుకు కారులో తీసుకొచ్చాడు. ఇద్దరం ఆ రోజులు తవ్వుకుంటూ కూర్చున్నాం. నేను కింద లారీలో సరుకు తెచ్చి దింపేవాణ్ణి, అక్కడి నుంచి బావ పైకి మోసేవాడు. బావ పైన ఏం చేసేవాడో నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన కింద సంగతి చూడలేదు. సగం సగం కలిపితే పూర్తి మనిషి వచ్చాడక్కా. ఒకసారి బావ చలికి గడ్డకట్టిన నూనెని చంకలో పెట్టుకుని కరిగించాడని చెప్పాడు. అందుకేనేమో ఆ రుచి! ఇద్దరం నవ్వీ నవ్వీ మంచం ఊపేశాం. నర్సు వచ్చి ఆయన్ని బయటికి పంపేసింది. రోడ్డు గుర్తులన్నీ నేర్పించిన కృతజ్ఞత కూడా లేదు.

ఆదివారం నిన్ను వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నారట కదా. మొహమాట పడుతున్నావని మీ మరదలు అంటోంది. "నేనెందుకు, వాళ్ళకి ఇబ్బంది" అన్నావట. వెళ్ళు. మీ ఊరికి తిరిగి వెళ్ళే రైలు ఇంకో వారం ఆగినా ఏం కాదు. పెళ్ళికూతురి జాకెట్టు ఎలాగూ పట్టదు.

మరొక మాట. హెడ్మాస్టరుగారు వచ్చే ఏడాది సభకి నన్ను అధ్యక్షుడిగా ఉండమంటున్నాడు. నువ్వు కార్యదర్శిగా ఉంటేనే అని చెప్పాను. నీకు చెప్పకుండానే చెప్పేశాను. తిట్టు.

చంటి

మే 5

చంటీ,

తిట్టడం తర్వాత. ముందు ఆదివారం సంగతి విను.

వెళ్ళాను. కొత్త చీర కట్టుకుని, చివరి నిమిషంలో మళ్ళీ మార్చుకుని పాతదే కట్టుకుని వెళ్ళాను. పొరుగూరి బస్సు దిగేసరికి ఆ పెద్దాయనే కర్ర పట్టుకుని స్టాపులో నిలబడి ఉన్నాడు. ఎండలో ఎందుకండీ అంటే, "పొద్దున్నించీ ఇక్కడే ఉన్నారు, మాట వినరు" అని పక్కనున్న కోడలు చెప్పింది.

ఒక్క వాళ్ళింట్లో వాళ్ళే అనుకున్నాను. కాదు. ఆ రోజు పై చౌకీలో ఉన్నవాళ్ళలో బతికున్న ఇంకో ఇద్దరు వచ్చారు. పోయిన వాళ్ళ పిల్లలు వచ్చారు. వాళ్ళ పిల్లలు. వాళ్ళ చంకల్లో పిల్లలు. ఈయన అందరికీ కబురు పెట్టాడట. ఇల్లు సరిపోలేదు, బల్ల సరిపోలేదు, పక్కిళ్ళ నుంచి కుర్చీలు మోసుకొచ్చారు. సరిపోక పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టారు. ఒకడు వైద్యుడట, ఒకామె పడవలు నడుపుతుందట, ఒక పిల్ల నా జాకెట్టు కుట్టు చూసి ఇది చేత్తో వేసిందా మిషనుతోనా అని అడిగింది. ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పి చెయ్యి పట్టుకుంటున్నారు. సగం పేర్లు నాకు వినపడలేదు. చేతులు మాత్రం అన్నీ వెచ్చగా ఉన్నాయి.

నన్ను మధ్యలో కూర్చోబెట్టి ముందుగా నాకే వడ్డించారు. తినలేకపోయాను రా. ముద్ద కలుపుతున్నానుగానీ కళ్ళు చుట్టూ తిరుగుతున్నాయి. ఇంతమంది నోళ్ళు, ఇంత గోల, ఒకడు ఇంకొకడి కంచంలోంచి లాక్కోవడం, ఒకామె పిల్లాడి వెనక పరిగెత్తడం. ఈ ఇంట్లో ఆకలితో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మీ బావ చూడాల్సింది అనుకున్నాను. తర్వాత అనిపించింది, చూడకపోతేనేం, వడ్డించి వెళ్ళింది ఆయనే కదా అని.

ఇక కూర్చోలేకపోయాను. లేచి వంటింట్లోకి వెళ్ళాను. "అయ్యో, మీరు అతిథి, కూర్చోండి" అని కోడలు గిన్నె లాక్కోబోయింది. ఇవ్వలేదు. మెట్ల మీద పిల్లల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగి, వంగి, ఏం కావాలో అడిగి వేశాను. పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి ఆయన కంచం ముందుకు జరిపి, తల ఎత్తకుండా "ఇంకొంచెం" అన్నాడు.

అందరిదీ అయ్యాక కోడలు నాకు కుర్చీ వేసి, నా కంచం మళ్ళీ వేడిచేసి తెచ్చింది. అప్పుడు నేను తిన్నాను. కడుపునిండా తిన్నాను.

అక్క